జారుడుబండ మలుపులో మా బావ గొంతు

మా బావ స్కూటరు మీద వెళ్తుంటే సైకిళ్లు ఆయన్ని దాటుకుని పోతాయి. వెనక కూర్చున్న మా అక్క విసుగెత్తి, "నేను దిగి నడిచి వెళ్తాను, మీరు నిదానంగా రండి" అని ఎన్నిసార్లు అందో లెక్కలేదు. ఎదురుగా గతుకు కనిపిస్తే చాలు, రెండు కాళ్లూ నేలకు ఆనించి బండిని తోసుకుంటూ దాటిస్తాడు. వంటింట్లో కత్తికి సాన పట్టించనివ్వడు. నేను మెట్లు గబగబా దిగితే కింది నుంచి కేకలేస్తాడు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని కొందరు మగవాళ్లని అంటారు. మా బావ రెండు చోట్లా పిల్లే.

అలాంటి మనిషి పొట్టకూటికి చేసే పని ఏమిటంటే, మోటార్‌సైకిల్ పందేలను సినిమా తీయడం. కెమెరా వెనక్కి వెళ్లాడంటే ఆ పిల్లి ఎటు పోతుందో తెలియదు. బళ్లు మీదికొచ్చేస్తున్నా కన్ను తీయడు, కాలు కదపడు. "బావా, నీకు భయం వెయ్యదా?" అని అడిగితే, "భయం కెమెరాకి అటువైపు ఉంటుందే, ఇటువైపు ఉండదు" అనేవాడు. ఆ మాట నాకు చాలా గొప్పగా అనిపించేది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

నేను ఆయన మరదలిని. చదువయ్యాక అక్క ఇంటికొచ్చి ఉండిపోయి, బావ సిఫారసుతోనే ఆ సినిమా కంపెనీలో ఎడిటింగ్ పనికి కుదిరాను. ఆయన తీసుకొచ్చినది నేను కత్తిరించి అతుకుతాను. "మీ బావ వండుతాడు, నువ్వు వడ్డిస్తావు" అనేవాడు మా దర్శకుడు. మేం తీసేవి కట్టుకథలు కావు. ఏడాది పొడుగునా జరిగే పందేలను తీసి, రేసర్ల బతుకులతో కలిపి సినిమాగా చేసి హాళ్లకు పంపేవాళ్లం. జనం ఈలలు వేసుకుంటూ చూసేవాళ్లు.

వెయ్యరూ మరి! పందెం అంటే తెర మీద రంగుల చుక్కలు గుండ్రంగా తిరగడం అనుకుంటారు చూడనివాళ్లు. మలుపు పక్కన నిలబడితే వేరు. ముందు కాళ్ల కింద నేల వణుకుతుంది, తర్వాత మన పళ్లు వణుకుతాయి, ఆ తర్వాత గానీ బండి కనిపించదు. వచ్చినవాడు వచ్చిన ఊపులోనే బండిని పక్కకు పడుకోబెట్టేస్తాడు. మోకాలు రోడ్డును గీసుకుంటూ పోతుంది. ఇంకాస్త వంగితే మోచెయ్యి కూడా. మనిషికీ రోడ్డుకీ మధ్య పుస్తకం పట్టేంత సందు ఉండదు. కాలిన రబ్బరు వాసన ముక్కుకి తగిలేసరికి వాడు బండిని లేపుకుని వెళ్లిపోయి ఉంటాడు. నేను మొదటిసారి చూడ్డానికి వెళ్లినప్పుడు, అందరూ దాటిపోయాక చూసుకుంటే పక్కనున్న ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుని ఉన్నాను. ఆవిడెవరో నాకు తెలియదు. ఆవిడా విడిపించుకోలేదు.

ట్రాక్ మీద మలుపులన్నీ ఒకటి కావు. పొడుగాటి తిన్నని రోడ్డు చివర ఒక మలుపు ఉంది. ఊపు తగ్గించుకోవడం ఒక్క క్షణం ఆలస్యమైతే అక్కడ పడాల్సిందే. కెమెరావాళ్లు దానికి జారుడుబండ అని పేరు పెట్టుకున్నారు. పందేనికి ముందురోజు క్యాంటీన్లో చీటీలు వేసి మలుపులు పంచుకునేవాళ్లు. జారుడుబండ వచ్చినవాడు ఎగిరి గంతేసేవాడు, తిన్నని రోడ్డు వచ్చినవాడు మొహం వేలాడేసేవాడు. ఇంకో ఆచారం కూడా ఉంది. ఎవరి మలుపులో రేసరు పడ్డాడో, ఆ కెమెరామన్ ఆ సాయంత్రం అందరికీ టీ పొయ్యాలి. దాన్ని పడ్డ టీ అనేవాళ్లు. ఎవరూ పడని రోజున ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, టీ తాగకుండా ఇళ్లకు పోయేవాళ్లు.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. కానీ అందులో తప్పుందని అప్పట్లో ఎవరికీ తట్టలేదు. మా దర్శకుడికి సినిమా మొదలైన కాసేపట్లోనే ఒకడు పడాలి. పడ్డ ముక్క లేకుండా పందెం తెస్తే, "ఇదేం తీశారయ్యా, పెళ్లి ఊరేగింపా?" అనేవాడు. పడ్డ ముక్క దొరికితే నేను దాన్ని నెమ్మదిగా నడిపించి, సంగీతం కలిపి, హాల్లో జనం ఎక్కడ "అబ్బా" అంటారో అక్కడికి తెచ్చిపెట్టేదాన్ని. ఆ పనిలో నాకు మంచి పేరే ఉంది.

ఇక్కడ మా పనిలోని సంగతి ఒకటి చెప్పాలి. కెమెరాకి చిన్న మైకు ఉంటుంది. అది పట్టే శబ్దాన్ని మేం సినిమాలో వాడం. గాలి హోరు, గరగర, అంతా కలిసిపోయి ఉంటుంది. బొమ్మ ఏ క్షణానిదో సరిచూసుకోవడానికి పనికొస్తుందంతే. ఆ తర్వాత దాన్ని తీసి పారేసి, విడిగా పట్టుకున్న శుభ్రమైన ఇంజిన్ మోతలు వేస్తాం. కాబట్టి కెమెరా వెనక ఎవరు ఏం మాట్లాడినా అడిగే నాథుడు లేడు. ఒకడు పాటలు పాడతాడు, ఒకడు ఇంటి గొడవలు గొణుక్కుంటాడు, ఒకడు దర్శకుణ్ణి తిడతాడు. పారేసే శబ్దమే కదా అని అందరికీ ధైర్యం. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్న సామెత వాళ్లకు తెలియక కాదు, అక్కడ ఊరు లేదనుకున్నారు.

ఇక పిచ్చుక సంగతి. వాడు రేసరు. బక్కపలచగా, పొట్టిగా ఉంటాడు కాబట్టి ట్రాక్ మీద అందరూ పిచ్చుక అనేవాళ్లు. మా అక్క ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని రేసర్ల తోలు సూట్లు బాగుచేస్తుంది. మోకాళ్లు అరిగిపోయినవి, మోచేతులు చిరిగినవి, జిప్పులు ఊడినవి. తోలుకి మామూలు సూది ఆగదు. లావుపాటి సూదులూ, మైనం పూసిన దారమూ ఆవిడ దగ్గర ఎప్పుడూ ఉంటాయి. పిచ్చుక మొదట చిరిగిన సూటు పట్టుకుని వచ్చాడు. రెండోసారి ఏ చిరుగూ లేకుండానే వచ్చాడు. "ఏం చిరిగింది?" అని అక్క అడిగితే, "ఏం లేదక్కా, ఆకలేసింది" అన్నాడు. అప్పటినుంచి ఆవిడ వాడికి అక్క, మా బావ వాడికీ బావే, నేను "చిన్నక్క". వాడు నాకంటే పెద్దవాడని ఎన్నిసార్లు చెప్పినా వినేవాడు కాదు. వాడికి ఊళ్లో వేరే ఎవరూ లేరు. వాడొచ్చిన రోజు బావ వాడి పళ్లెంలోకి తన పళ్లెంలోది తీసి వేసేవాడు. "తిను, తిని లావెక్కు, అప్పుడు గాలికి ఎగిరిపోవు" అనేవాడు. ఇవన్నీ అబద్ధాలు కావు. ఆ మనిషి ఆ ముద్ద ప్రేమగానే పెట్టాడు.

ఆ పందెం రోజు బావకి చీటీలో జారుడుబండ వచ్చింది. నేను ఎడిటింగ్ గదిలోనే ఉన్నాను. మధ్యాహ్నానికి ఫోనొచ్చింది, పిచ్చుక పడ్డాడని, తొడ ఎముక విరిగిందని, ఆసుపత్రికి తీసుకెళ్లారని. నేనూ అక్కా ఉన్నపళంగా వెళ్లి ఆపరేషన్ గది బయట బల్ల మీద కూర్చున్నాం. చీకటి పడే వేళకు బావ వచ్చాడు. ఇంత ఆలస్యం ఏమిటని అక్క అడగలేదు. ఆయనే చెప్పాడు.

"నా కళ్ల ముందే పడ్డాడు. హెల్మెట్ల మూలాన ముందు ఎవరో తెలియలేదు. పడగానే కెమెరా అక్కడే వదిలేసి పరుగెత్తాను. కంచె దూకేశాను తెలుసా!"

అక్క ఆయన చెయ్యి పట్టుకుని, "మీరు కంచె దూకారా?" అంది. కళ్లనిండా నీళ్లు. గతుకు దగ్గర కాళ్లు ఆనించే మనిషి కంచె దూకాడంటే ఆవిడకు ఎంత గర్వమో! తర్వాత వచ్చినవాళ్లందరికీ ఆవిడ అదే చెప్పింది. నర్సులకు చెప్పింది, సూట్లు తెచ్చినవాళ్లకు చెప్పింది. ఎవరో "మీ ఆయన అంత ధైర్యస్థుడా?" అని నవ్వితే, "మనవాడు పడితే ఎవరైనా దూకుతారు" అంది.

మర్నాడు పొద్దున బావ తీసిన బొమ్మ నా బల్ల మీదికొచ్చింది. నేను చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆడించాను.

తిన్నని రోడ్డు. దూరంగా ఎర్ర బండి, పిచ్చుకది. కెమెరా దాన్ని పట్టుకుని తిరుగుతోంది, తొణకడం లేదు. చెవుల్లో మా బావ గొంతు. "రా పిచ్చుకా, రా... ఎక్కువైందిరా నీకు, ఎక్కువైంది... జారు... జారు..." అని, పిల్లాడికి గోరుముద్ద పెట్టేటంత లాలనగా. ఆ మాటల కింద ఇంజిన్ మోత. ఉన్నట్టుండి ఆ మోత తెగిపోయింది. ఇనుము కీచుమన్న అరుపు, ఆ తర్వాత టైరు రోడ్డును రాసుకునే శబ్దం. బండి అడ్డంగా తిరిగింది, పిచ్చుక ఎగిరి కంకరలో దొర్లాడు.

"పడ్డాడు! దొరికిందిరా! అబ్బ, ఏం పడ్డాడ్రా!" మా బావ నవ్వుతున్నాడు. ఆ నవ్వు ఇంట్లో నేనెప్పుడూ వినలేదు.

కెమెరా ఎక్కడికీ పోలేదు. ఎవరూ పరుగెత్తలేదు, కంచె దూకలేదు. బొమ్మ నెమ్మదిగా పిచ్చుక దగ్గరికి జరిగింది, పదునుగా తేలింది. వాడు వెల్లకిలా పడి ఉన్నాడు. "కదలకు, కదలకు... అలాగే ఉండు. చెయ్యి ఎత్తు, ఒక్కసారి చెయ్యి ఎత్తు" అంటున్నాడు బావ. వాడు నిజంగానే చెయ్యి ఎత్తాడు, సాయం కోసం. "భేష్!" అన్నాడు బావ. స్ట్రెచరు వచ్చి వాణ్ణి ఎత్తుకుపోయేదాకా కెమెరా వాడి మీదే ఉంది.

నేను హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాను. సిగ్గు నాకు వేసింది. అన్నవాడు ఆయన, తల దించుకున్నది నేను. గదిలో ఇంకెవరూ లేకపోయినా తలుపు గడియ వేసుకున్నాను.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ మధ్యాహ్నమే బావ నా గదికి వచ్చాడు. ఎప్పుడూ వచ్చేవాడు కాదు.

"అది చూశావా?" అన్నాడు.

"చూశాను."

"బొమ్మ బాగా వచ్చిందిలే. ఆ కెమెరా శబ్దం ఎలాగూ పారేసేదేగా, ఇవాళే తీసి పారెయ్యకూడదూ?"

"ఎందుకంత తొందర?"

"తొందరేం లేదు... ఊరికే. గాలి హోరు తప్ప ఏముంటుంది దాంట్లో?"

"ఎవరో తెలియలేదన్నావు కదా బావా. పేరు పెట్టి పిలిచావు."

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. "అది పని ఊపులో వచ్చే మాటే. మనసులోది కాదు. నీకు తెలియదా మా సంగతి? అందరూ అంటారు" అన్నాడు.

"అందరూ అంటారు, నిజమే. అని, ఇంట్లోవాళ్లకు కంచె దూకామని చెప్పరు."

ఆయన వెళ్లిపోయాడు. నేను శబ్దం తీసెయ్యలేదు. దాచిపెట్టి ఏదో చెయ్యాలని కాదు. ఆ ముక్కను మళ్లీ తెరవడానికి చెయ్యి రాలేదంతే.

పిచ్చుకకు తెలివి వచ్చాక అన్న మొదటి మాట, "ఇంజిన్ పట్టేసిందక్కా" అని. మలుపులోకి వస్తుంటే బండి ఇంజిన్ ఒక్కసారిగా బిగుసుకుపోయి వెనక చక్రం ఆగిపోయిందట. కానీ వాణ్ణి పెట్టుకున్న జట్టు యజమాని అప్పటికే పేపరువాళ్లకు చెప్పేశాడు, కుర్రాడు బెదిరిపోయి మలుపు మధ్యలో బ్రేకు నొక్కాడని, బండిలో ఏ లోపమూ లేదని. ఇంజిన్ విప్పి చూద్దామంటే, ఈలోపే దాన్ని విప్పేసి కొత్త సామాను బిగించేశారు. బెదిరి బ్రేకు నొక్కినవాడని పేరొచ్చిన రేసరును ఇంకే జట్టూ బండి ఎక్కనివ్వదు. తొడ ఎముక అతుక్కుంటుంది, ఆ పేరు పోదు. పిచ్చుకకు వేరే పని రాదు. పందేల సంఘం వాళ్లు విచారణ పెడతామన్నారు. సాక్ష్యం ఉంటే తెమ్మన్నారు.

వాడు మంచం మీదనుంచే బావను అడిగాడు. "బావా, నువ్వక్కడే ఉన్నావుగా. నీ బొమ్మలో ఏం కనిపించింది?"

"చక్రం ఆగడం కనిపించిందిరా" అన్నాడు బావ, కిటికీలోంచి చూస్తూ. "బ్రేకు నొక్కినా అలాగే కనిపిస్తుంది."

"మరి శబ్దం? శబ్దం వింటే తెలిసిపోతుంది బావా. నేను బ్రేకు నొక్కి పడితే, పడ్డాక కూడా ఇంజిన్ మోగుతూనే ఉంటుంది. అది ముందే చచ్చిపోయింది."

అక్క వెంటనే నా వైపు తిరిగింది. "కెమెరాకి మైకుంటుంది కదే? శబ్దం ఉందా?"

నేను బావను చూశాను. బావ నేలను చూశాడు. "ఉందో లేదో వెతకాలి అక్కా" అన్నాను. ఆ ఒక్కసారికి ఆయనకు గడువిచ్చాను.

ఆసుపత్రి మెట్ల దగ్గర బావను పట్టుకుని, "ఏం చేస్తావు?" అన్నాను.

"నా గొంతు తీసేసి ఇంజిన్ మోత మాత్రం ఉంచలేవా? నీకు రాని విద్యా?"

"రెండూ ఒకే చోట ఉన్నాయి బావా. నువ్వు జారు జారు అంటున్నప్పుడే అది చచ్చింది. పైగా ఎక్కడైనా కత్తెర పడిందంటే మొత్తానికి నమ్మరు. మన డైరెక్టర్ గారిని అడిగాను. మొదటినుంచి చివరిదాకా ఉన్నది ఉన్నట్టు చూపిస్తేనే సాక్ష్యం అన్నారు."

"చివరిదాకానా?"

"చివరిదాకా. 'భేష్'తో సహా."

గోడకు ఆనుకున్నాడు. "మీ అక్క కూడా వస్తుందే. వాణ్ణి పట్టుకుని తీసుకురావాలిగా" అన్నాడు. గొంతు పిల్లాడి గొంతులా ఉంది. "నేను ఏ మొహం పెట్టుకుని ఉండను ఆ గదిలో?"

"ఆ మొహం సంగతి నవ్వేటప్పుడు చూసుకోవలసింది" అన్నాను. నా నోరు అంతే, ఎదుటివాడు పడి ఉన్నప్పుడు ఇంకా గట్టిగా లేస్తుంది. అక్కడితో ఆగలేదు. "నేను తీసుకెళ్లి చూపించగలను. కానీ అది నీ గొంతు. నువ్వే తీసుకెళ్లు. లేకపోతే చెరిపెయ్యమని ఇప్పుడే చెప్పు, ఆ మాట మనిద్దరికీ గుర్తుంటుంది."

ఆ నాలుగైదు రోజులూ ఆయన అన్నం సరిగ్గా తినలేదు. అక్క పాపం, పిచ్చుక మీద బెంగ అనుకుంది. "మీరు దూకబట్టే వాడు బతికాడు, ఇంకెందుకు దిగులు?" అని ఓదార్చేది. ఓదార్చినప్పుడల్లా ఆయన పళ్లెం ముందునుంచి లేచిపోయేవాడు. చివరికి విచారణ రోజు పొద్దున్నే నా గదికి వచ్చి చెయ్యి చాపాడు. నేను ఆ బొమ్మ ఉన్న పెట్టె చేతిలో పెట్టాను. "కొరివితో తల గోక్కుంటున్నానే" అన్నాడు. అని, తీసుకుని వెళ్లాడు.

పందేల సంఘం గది ఏమంత పెద్దది కాదు. పొడుగాటి బల్ల, గోడకు తెర, మూల నీళ్ల కూజా. బల్లకు ఒకవైపు సంఘం వాళ్లు, మధ్యలో ఒకప్పుడు రేసరైన పెద్దాయన. ఇంకోవైపు జట్టు యజమాని. పిచ్చుక రెండు చంకల్లో కర్రలతో వచ్చాడు. అక్క వాడి భుజం పట్టుకుని నడిపించి, పక్క కుర్చీలో కూర్చుంది. బావ మిషను దగ్గర నిలబడ్డాడు, మీట నొక్కడానికి. నేను ఆయన వెనక ఉన్నాను.

"కెమెరా శబ్దంతోనే ఉందండి. కత్తెర వెయ్యలేదు" అన్నాడు బావ. మీట నొక్కాడు.

హెడ్‌ఫోన్లలో విన్నది ఒకటి, గదినిండా విన్నది ఒకటి. రా పిచ్చుకా రా, జారు, జారు. కీచుమన్న అరుపు. పడ్డాడు, దొరికిందిరా. ఆ నవ్వు గోడలకు తగిలి వెనక్కి వచ్చింది. కదలకు, చెయ్యి ఎత్తు. భేష్. స్ట్రెచరు వచ్చేదాకా ఆగకుండా నడిచింది.

పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మధ్యలో ఆ మాటలు ఎవరివి?" అని అడిగాడు.

"నావండి" అన్నాడు బావ.

నేను అక్కను చూడకూడదనుకుంటూనే చూశాను. ఆవిడ ఒళ్లో చేతులు పెట్టుకుని, తోలు కుట్టీ కుట్టీ గట్టిపడిన వేళ్లను ఒకదానితో ఒకటి రుద్దుకుంటోంది. తెర వైపు తప్ప ఇంకెటూ చూడలేదు.

"ఇంజిన్ మోత ఎక్కడ తెగిందో సరిగ్గా అందలేదు. మళ్లీ పెట్టండి" అన్నాడు పెద్దాయన.

బావ మళ్లీ నొక్కాడు. మళ్లీ అన్నీ. జట్టు యజమాని లేచి, "మాటల్లో కలిసిపోయిందండీ, అది బ్రేకు కీచుమనడమే" అన్నాడు. దాంతో ఇంకోసారి. ఇంకొకాయన ఆ మోత తెగడం ముందా, చక్రం ఆగడం ముందా అన్నాడు. ఇంకోసారి. ప్రతిసారీ మా బావే వెనక్కి తిప్పాలి, మా బావే నొక్కాలి. నేను ముందుకు వచ్చి "నేను నొక్కుతానులే" అంటే మోచేత్తో నన్ను పక్కకు తోశాడు. చెవులు ఎర్రగా అయిపోయాయి, చెంపల మీదినుంచి చెమట కారుతోంది. తుడుచుకోలేదు. ఎన్నిసార్లు పెట్టించారో తెలియదు. చివర్లో ఆ నవ్వు వచ్చే ముందే గదిలో అందరూ తలలు దించుకోవడం మొదలుపెట్టారు.

పిచ్చుక ఒక్కడే తల దించలేదు. ముందుకు వంగి, నోరు తెరుచుకుని వింటున్నాడు. "అదిగో! అదిగో సార్! విన్నారా? ఇంజిన్ చచ్చాకే బండి పడింది!" అని కర్రతో నేలను కొట్టాడు. పెద్దాయన తలూపాడు. ఆయనా ఒకప్పుడు అలాగే పడ్డవాడట. రేసరు తప్పేమీ లేదని, ఇంజిన్ పట్టేసిందని, అక్కడే అందరి ముందూ చెప్పేశాడు. జట్టు యజమాని కాగితాలు సర్దుకున్నాడు.

పిచ్చుక కర్రలు పారేసి బావ మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చాడు. "నా పరువు నిలబెట్టావు బావా! నువ్వు లేకపోతే నేను లేను!" అన్నాడు. బావ చేతులు రెండూ కిందికి వేలాడుతున్నాయి. వాణ్ణి పట్టుకోలేదు, తోయలేదు. వాడు తిట్టి, కాలర్ పట్టుకుని ఉంటే ఆయనకు ఎంతో తేలిగ్గా ఉండేది.

బయటికొచ్చాక పిచ్చుకను బండిలో ఆసుపత్రికి పంపి, అక్క ఎప్పటిలా స్కూటరు వెనక కూర్చుంది. నేను బస్టాపుకి వెళ్తూ వాళ్ల పక్కనే నడుస్తున్నాను. ఆ స్కూటరుతో సమానంగా ఎవరైనా నడవొచ్చు. వీధి మలుపు రాగానే అక్క, "ఆపండి" అంది. ఆయన ఆపాడు.

"వాడని తెలిసే అన్నారా?"

"తెలిసే" అన్నాడు బావ.

ఆవిడ దిగింది. దిగి నడిచివెళ్తానని ఇన్నేళ్లుగా అంటూనే ఉంది కానీ, ఎప్పుడూ దిగలేదు. నా చెయ్యి పట్టుకుని నడిచింది. బావ స్కూటరు తోసుకుంటూ వెనక వచ్చాడు. ఇంటిదాకా ఎక్కలేదు. నర్సులకు చెప్పిన మాట, సూట్లు తెచ్చినవాళ్లకు చెప్పిన మాట ఆవిడ ఎలా వెనక్కి తీసుకుందో నాకు తెలియదు. తీసుకుందో లేదో కూడా తెలియదు. ఆ మాట మళ్లీ మా ఇంట్లో రాలేదు.

పిచ్చుక ఒక కర్రతో నడిచే వేళకు మా ఇంటికి వచ్చాడు. ఆసుపత్రిలో కత్తిరించేసిన తోలు సూటును సంచిలో వేసుకొచ్చాడు, కుట్టడానికి వీలవుతుందేమోనని. అక్క దాన్ని మిషను మీద పరిచి, కత్తెర పడిన అంచులు దగ్గరికి చేర్చి చూస్తోంది. నేను టీ తెచ్చి వాడి చేతికిచ్చాను. బావ వాడికి ఎదురుగా, కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆ మధ్య ఆయన ఎక్కడ కూర్చున్నా అంచునే కూర్చుంటున్నాడు.

వాడు కాసేపు కొత్త జట్టు గురించి చెప్పాడు. పిలిచారట, కాలు సరిపడగానే రమ్మన్నారట. అక్క సంతోషించింది. తర్వాత వాడు గ్లాసులోకి చూస్తూ, "బావా, ఆ రోజు ఆ గదిలో నాకు ఇంజిన్ ఒక్కటే వినపడింది. మిగతాదంతా మంచం మీద పడుకున్నాక వినపడింది" అన్నాడు.

అక్క చేతులు ఆగిపోయాయి.

"నేను పడ్డ రోజు సాయంత్రం క్యాంటీన్లో టీ ఎవరు పోశారు?"

వాణ్ణి ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టి ఉన్నప్పుడు, మేం బయట బల్ల మీద కూర్చుని ఉన్నప్పుడు, బావ చీకటి పడేదాకా ఎందుకు రాలేదో నాకు అప్పుడు తెలిసింది. అక్కకూ అప్పుడే తెలిసింది.

"నేనేరా" అన్నాడు బావ.

"నువ్వూ తాగావా?"

"తాగాను."

"ఎలా ఉంది?"

అబద్ధం చెప్పమని నేను మనసులో దండం పెట్టుకున్నాను. గొంతు దిగలేదురా అని చెప్తే పోయేది, వాడూ నమ్మేవాడు, మేమూ నమ్మేవాళ్లం. మా బావ తలెత్తి వాడి మొహంలోకి చూశాడు.

"బాగుందిరా" అన్నాడు.

పిచ్చుక చేతిలో గ్లాసు చల్లారేదాకా పట్టుకుని, తాగకుండానే బల్ల మీద పెట్టి, కర్ర అందుకున్నాడు. బావ గబగబా లేచి వెళ్లి, వాడు దాటేదాకా తలుపు తీసి పట్టుకున్నాడు.